ఏడేళ్లు నిండకుండా కర్మ చేయాల్సిందేనా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా ఆయన సూరత్‌లో మరమగ్గాల పనికి వెళ్లారు. 2020 సంక్రాంతికి ముందు ఫోన్ చేసి, పాపకి పట్టీలు కొన్నానన్నారు. అదే ఆఖరి మాట. దర్భలతో బొమ్మ చేసి దహనం చేసి కర్మ జరిపిద్దామని, ఇంటి పంపకాలు ఆగిపోయాయని బావగారి పట్టు. అత్తయ్య ఒప్పుకోరు. రాత్రి వీధి తలుపు గడియ కూడా వెయ్యనివ్వరు. కర్మ చేస్తేనే కాగితాలు వస్తాయా? నేను బొట్టు తియ్యాలా?

జవాబు: అమ్మా, మిమ్మల్ని బొట్టు తియ్యమని ఏ చట్టమూ చెప్పదు. కర్మ చేశారని కోర్టు మనిషి పోయాడనుకోదు, చెయ్యలేదని మీ హక్కూ పోదు. పురోహితులు 12 ఏళ్లు ఆగమంటారు. అది శాస్త్రం లెక్క, కోర్టుది వేరు.

గత 30 ఏళ్లలో బతికున్నట్టు తెలిసిన మనిషిని చనిపోయాడని ఎవరంటే వాళ్లే రుజువు చెయ్యాలి. ఇవాళ ఆ భారం మీ బావగారిది. కబురు తెలియాల్సిన సొంతవాళ్లకి ఏడేళ్లపాటు ఏ కబురూ లేకపోతే, బతికున్నాడనేవాళ్ల మీదికి భారం మారుతుంది. ఇవి భారతీయ సాక్ష్య అధినియం 110, 111 సెక్షన్లు. పాత ఎవిడెన్స్ యాక్టులో 107, 108. మీ ఏడేళ్లు ఆ ఫోన్ వచ్చిన రోజు నుంచి, అంటే 2027 సంక్రాంతి దరిదాపుల్లో నిండుతాయి. పోలీసు కంప్లైంటు ఇవ్వకపోతే ఇప్పుడైనా ఇవ్వండి, నకలు దాచుకోండి. ఏడేళ్లు నిండాక, ఆయన చనిపోయినట్టు ప్రకటించమని సివిల్ కోర్టులో డిక్లరేషన్ దావా వెయ్యాలి.

ఎల్‌ఐసీ పాలసీ ఉంటే ప్రీమియం మాత్రం ఆపొద్దు. ఏడేళ్లు దాటాయని చనిపోయినట్టు అనుకున్నా, ఫలానా రోజునే పోయాడని కోర్టు అనుకోదని 2004లో సుప్రీంకోర్టు ఎల్‌ఐసీ కేసులోనే చెప్పింది. ‘మా ఆయన ఫలానా ఏడాదే పోయారు, అప్పటికి పాలసీ నడుస్తోంది’ అంటే అది మీరే రుజువు చెయ్యాల్సి వస్తుంది. ఎంత కష్టమైనా కట్టండమ్మా.

పంపకాలంటారా, మీ ఆయన వాటా విడిగా ఉంచి చేసుకోమనండి. ‘చనిపోయిన తమ్ముడు’ అని రాసిన ఏ కాగితం మీదా మీరు సంతకం పెట్టకండి.

అత్తయ్యగారితో పోట్లాడకండి. రేపు దావాలో మీకు గట్టి సాక్షి ఆవిడే. కొడుకు పోయాడని ఆవిడ చెప్పక్కర్లేదు. బతికుంటే ముందు తనకే కబురు పంపేవాడని, ఇన్నేళ్లూ రాలేదని చెబితే చాలు.