వానమాపకంలో 6 మిల్లీమీటర్లు, ఉపగ్రహ లెక్కలో 19: దేన్ని నమ్మాలి?

కళ్యాణదుర్గం దగ్గరి మీ చేలో వానమాపకం 6 మిల్లీమీటర్లు చూపిన రోజున ఐమెర్గ్ (పలు ఉపగ్రహాల కొలతలను కలిపి నాసా ఇచ్చే వాన అంచనా) 19 చూపిందని, ఇక ఆ లెక్కలను పక్కన పెట్టేయవచ్చా అని అడిగారు. తొందరపడకండి. రాయదుర్గం వైపు మా చేలో మూడు ఖరీఫ్‌లపాటు ఇదే పోలిక చేశాను. మొదటి ఏడాది ఉపగ్రహానికి అంటగట్టిన తప్పుల్లో సగానికి పైగా నావేనని తర్వాత తేలింది.

ముందుగా చూడవలసింది రోజు ఎప్పుడు మొదలవుతుందన్నది. మన దేశంలో ఉదయం 8:30కు కొలిచి, అంతకు ముందు 24 గంటల్లో కురిసినదంతా కొలిచిన తేదీ కింద రాస్తారు. ఐమెర్గ్ రోజు మాత్రం గ్రీనిచ్ కాలమానం ప్రకారం, అంటే మన ఉదయం 5:30 నుంచి మరునాటి 5:30 వరకు నడుస్తుంది. అందువల్ల మంగళవారం రాత్రి ఉరుములతో కురిసిన వాన ఉపగ్రహ లెక్కలో మంగళవారం కింద, మీ పుస్తకంలో బుధవారం కింద చేరుతుంది. తేదీని ఒక రోజు జరిపితే చాలనుకున్నాను గానీ, అప్పుడు ఉదయం 5:30, 8:30 మధ్య పడిన జల్లు తప్పుడు తేదీకి పోయింది. అరగంట లెక్కలను తెచ్చుకొని, 8:30 నుంచి 48 అరగంటలు కూడటమే సరైన దారి. అవి గంటకు ఇన్ని మిల్లీమీటర్లు అన్న రూపంలో ఉంటాయి కనుక ఒక్కొక్కదాన్ని సగం చేసి కూడాలి. ఆ సంగతి గమనించక, ఉపగ్రహం రెట్టింపు చూపుతోందని నెలంతా కనబడిన వారికల్లా చెప్పాను.

ఇక విస్తీర్ణం. ఐమెర్గ్ నేలను గడులుగా విడదీసి ఒక్కో గడి మొత్తానికి ఒకే అంకె ఇస్తుంది. ఆ గడి ఒక్కో వైపు సుమారు 11 కిలోమీటర్లు; మీ మాపకం మూతి జానెడు కూడా ఉండదు. గట్టుకు అవతల పదును వాన పడి ఇవతల దుమ్ము లేచే మన ప్రాంతంలో 6, 19 రెండూ నిజమే కావచ్చు. చుట్టుపక్కల రెండు ఊళ్లలో బంధువుల చేలలోనూ మాపకాలు పెట్టించాను. ఒక జులై సాయంత్రం నాది 3, ఒకటి 31 చూపగా మూడోది పొడిగానే ఉంది. ఉపగ్రహం 14 అంది. దాన్ని తప్పనడానికి నాకు నోరు రాలేదు.

మాపకాన్నీ అనుమానించండి. మాది మొదట వేపచెట్టుకు దగ్గరగా ఉండేది. ఆకులు గరాటులో అడ్డుపడి నీరు నిలిచేది.

ఉపగ్రహానికి సొంత లోపాలు లేకపోలేదు. మబ్బు కింద గాలి పొడిగా ఉన్నప్పుడు చినుకులు నేలను చేరకముందే ఆవిరైపోతాయి. ఉపగ్రహం 3, 4 మిల్లీమీటర్లు చూపగా నా మాపకంలో తడి కూడా లేని రోజులు చాలా ఉన్నాయి. పైగా సుమారు 4 గంటల్లో వచ్చే తొలి అంచనా వేరు, కొన్ని నెలల తర్వాత నేలమీది మాపకాల నెలవారీ మొత్తాలతో సరిచేసి ఇచ్చే తుది లెక్క వేరు. రెండింటినీ ఒకే పట్టికలో కలపకూడదు.

ఒక్క రోజును పట్టుకోకుండా, 2.5 మిల్లీమీటర్లు దాటిన రోజుల్లో ఎన్నింటిని ఉపగ్రహం పట్టుకుంది, ఎన్నింటిని వదిలేసింది, లేని వానను ఎన్నిసార్లు చూపింది అని లెక్కించి, ఆపై పదేసి రోజుల మొత్తాలను పోల్చండి. బుడ్డలు (వేరుశనగ) విత్తడానికి పదును చాలునా అన్నదానికి మాత్రం నేను ఇప్పటికీ నా మాపకాన్నే చూస్తాను. మీ 19 ఏ అంచనాలోదో, మాపకాన్ని ఎన్ని గంటలకు చూశారో తెలిపితే ఆ రోజు లెక్కను మళ్లీ కూడి చూద్దాం.