ఆ 24,000 ఐసీనా, ఎన్‌సీనా?

ప్రశ్న: సార్, నాకు 27 ఏళ్ళు. నెల్లూరులో ఉంటాను. కృష్ణపట్నం పోర్టు వైపు ఒక లాజిస్టిక్స్ ఆఫీసులో ఉద్యోగం, చేతికి 34,000 వస్తుంది. ఇంట్లో 10,000 ఇస్తాను. లక్ష రూపాయల చీటీకి నెలకు 5,000 కడుతున్నాను, 20 నెలల్లో 7 అయ్యాయి. పెట్రోలు, ఫోను, బయట తిండి కలిపి 6,000 అవుతుంది. బ్యాంకులో 22,000 ఉంది. పోయిన నెల ఫ్రెండ్స్ నలుగురం బ్యాగులు తగిలించుకుని నేపాల్ వెళ్ళి, అన్నపూర్ణ బేస్ క్యాంప్ దాకా నడిచి వచ్చాం. ఎక్కువ ఖర్చు నా క్రెడిట్ కార్డు మీదే పెట్టాం. బిల్లు 68,000 వచ్చింది. కట్టాల్సిన చివరి తేదీ 9. మినిమం 3,400 కడితే చాలని చూపిస్తోంది. కొన్నాళ్ళు అలా కట్టుకుంటూ పోవచ్చా? చీటీ పాడెయ్యమని ఆఫీసులో ఒకాయన, తన రెండు సవర్ల గొలుసు కుదవ పెట్టమని అమ్మ అంటున్నారు. తిరుగు ప్రయాణంలో లెక్కల దగ్గర గొడవైంది. ఒంగోలు వాడు స్టేషన్ రాగానే బ్యాగు తీసుకుని, వస్తానని కూడా చెప్పకుండా దిగిపోయాడు. కావలి వాడికీ వాడికీ మాటల్లేవు. ఆత్మకూరు వాడికి ప్రస్తుతం ఉద్యోగం లేదు, వచ్చే నెల చేరతాడు. వాణ్ణి డబ్బు అడగాలంటే మొహమాటం. లెక్కలు రాసిన పేజీ ఫోటో, కార్డు స్టేట్‌మెంటు పంపుతున్నాను. పర్సులో ఇంకా 3,200 నేపాలీ రూపాయలు మిగిలాయి. గోరఖ్‌పూర్‌లో మా రైలు 5 గంటలు లేటుగా బయల్దేరింది, దానికి రీఫండ్ ఏమైనా వస్తుందా?

జవాబు: మీరు రాసినదాని కంటే ఆ ఫోటోనే ఎక్కువసేపు చూశాను. ఒక మూల టీ మరక, కింది రెండు లైన్లు తడిసి సిరా పాకింది. నలుగురి కింద నాలుగు అంకెలు: మీవి 52,000, కావలి 21,000, ఒంగోలు 24,000, ఆత్మకూరు 8,000. కూడితే 1,05,000, తలా 26,250. రైల్లో మీరు వేసుకున్న లెక్క ఇదే అయ్యుంటుంది. ఇది తప్పు.

నేపాల్‌లో ఏదైనా ధర చెప్తే మనవాళ్ళు వెంటనే అడిగేది "ఐసీనా, ఎన్‌సీనా?" అని. ఐసీ మన రూపాయి, ఎన్‌సీ వాళ్ళ రూపాయి. మన 100 వాళ్ళ 160తో సమానం. 1993 నుంచి ఆ రేటు కదల్లేదు కాబట్టి ఏ రోజు రేటు కట్టాలన్న పేచీ కూడా లేదు. మీ పుస్తకంలో మాత్రం ఏ అంకె పక్కనా ఐసీ అనిగానీ ఎన్‌సీ అనిగానీ రాసి లేదు.

ఒక్కొక్కటే చూద్దాం. మీ 52,000 కార్డు స్టేట్‌మెంటులో ఉన్నవి, అవి మన రూపాయలే. బిల్లులో మిగతా 16,000 మీ బూట్లు, జాకెట్, బ్యాగు, అంటే మీ సొంత ఖర్చు. (జాకెట్ ట్రెక్కుకి ముందు మీరు ఆగిన పోఖరా ఊళ్ళో అద్దెకు దొరికేది. అయిపోయిందిలెండి.) కావలి అతను పోఖరాలో ఫోన్‌తో కట్టినట్టు పేజీలోనే ఉంది. 2024 మార్చి నుంచి నేపాల్ కొట్లలో మన యూపీఐతో స్కాన్ చేసి కట్టొచ్చు, మన ఖాతాలోంచి రూపాయల్లోనే పోతుంది. ఫోన్‌లో హిస్టరీ తీస్తే 21,000 తేలిపోతుంది. ఆత్మకూరు అబ్బాయి 8,000 సరిహద్దుకు ఇవతల అయిన జీపు, భోజనాల ఖర్చు, అవీ మన రూపాయలే.

చిక్కంతా ఒంగోలు 24,000తోనే. దాని కింద చిన్న అక్షరాలతో "దాల్ భాత్ 4, 2800", "వేడినీళ్ళు 4, 1000", "చార్జింగ్ 600" అని ఉంది. కొండ మీద టీహౌసుల్లో, అంటే నడిచేవాళ్ళు రాత్రి దిగే లాడ్జీల్లో, స్నానానికి వేడినీళ్ళకూ ఫోన్ చార్జింగ్‌కూ విడివిడిగా డబ్బు తీసుకోవడం మామూలే, అదీ నోట్లలో. పైకి పోయేకొద్దీ సరుకంతా మనుషులో కంచరగాడిదలో మోసుకెళ్ళాలి కాబట్టి ధరలూ పెరుగుతాయి. అయినా ఒక దాల్ భాత్ మన 700 రూపాయలు ఉండదు. 700 ఎన్‌సీ ఉంటుంది, అంటే మన లెక్కలో 437. ఆ 24,000 మొత్తం ఎన్‌సీ. మన రూపాయల్లో 15,000.

ఇప్పుడు మళ్ళీ కూడండి. మొత్తం 96,000, తలా 24,000. కావలి ఇవ్వాల్సింది 3,000, ఒంగోలు 9,000, ఆత్మకూరు 16,000. మీకు రావాల్సింది 28,000. పాత లెక్కలో ఒంగోలు అతను 2,250 ఇస్తే సరిపోయేది. అంటే ఆయనకు 6,750 తగ్గి, అది మీ ముగ్గురి మీదా తలా 2,250 పడింది. కావలి అతనికి ఎక్కడో తేడా ఉందని తెలుస్తోంది, ఎక్కడో చెప్పలేకపోయాడు. ఒంగోలు అతని వైపు నుంచి చూస్తే ఆయన తన చేత్తో 24,000 లెక్కపెట్టి ఇచ్చాడు. దొంగ అన్నట్టు చూస్తే ఎవరికైనా మండుతుంది. ఇందులో మోసం ఏమీ లేదు, రెండక్షరాలు రాయడం మర్చిపోయారు, అంతే.

నేను ఒంగోలులో చదువుకునేటప్పుడు నలుగురం కలిసి జీపు మాట్లాడుకుని భైరవకోన వెళ్ళొచ్చాం. జీపు డబ్బు ఎవరిచ్చారో ఎవరూ రాసుకోలేదు. ఇద్దరి వంతు నేనిచ్చానని ఇవాళ్టికీ నా నమ్మకం. మా వాళ్ళల్లో ఇంకొకడిదీ సరిగ్గా ఇదే నమ్మకం. పెళ్ళిళ్ళలో కనిపిస్తే ఇప్పటికీ ఆ జీపు దగ్గరికే వస్తాం.

మీరు దీన్ని ఫోన్ గ్రూపులో తేల్చాలని చూడకండి. ఒంగోలుకూ నెల్లూరుకూ కావలి నడిమధ్యన ఉంది. ఈ ఆదివారం నలుగురూ అక్కడ కలవండి, పుస్తకం బల్ల మీద పెట్టి ముందు ఆ దాల్ భాత్ లైను చూపించండి. 9,000 మాట ఆ తర్వాత ఎత్తండి. ఒంగోలు అతను తనంతట తనే "ఓరి, అది ఎన్‌సీ కదరా" అనేలా ఉండాలి. మీరు అంటే మళ్ళీ రైల్లో గొడవే.

ఇక కార్డు. మినిమం కట్టుకుంటూ పోవచ్చా అని అడిగారు. వద్దు. ఎందుకో మన వడ్డీ భాషలోనే చెప్తాను. చాలా కార్డుల మీద నెలకు మూడున్నర శాతం చుట్టుపక్కల వడ్డీ ఉంటుంది. అంటే నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 4 రూపాయల 13 పైసలు. మన ఊళ్ళల్లో మూడు రూపాయల వడ్డీకి తిప్పేవాణ్ణి ఏమని తిడతారో మీకు తెలుసు. ఆ రేటున 68,000కి ఒక నెల వడ్డీ 2,380, జీఎస్టీ 428. మీరు 3,400 కడితే అందులో అసలుకు పోయేది 592 రూపాయలు. పైగా బిల్లు పూర్తిగా కట్టకపోతే వడ్డీ లేని రోజుల సౌకర్యం పోతుంది. కొన్నవాటి మీద కొన్న తేదీ నుంచీ వడ్డీ లెక్కేస్తారు. కొత్తగా ఆ కార్డుతో పాల ప్యాకెట్ కొన్నా దానికీ మొదటి రోజు నుంచే వడ్డీ. మీ బిల్లులో ఏటీఎం నుంచి తీసిన క్యాష్ లేదు, బతికిపోయారు.

9వ తేదీకి మీ చేతిలో ఎంత ఉంటుంది? బ్యాంకులో ఉన్న 22,000లో 4,000 ఉంచి 18,000 తీయండి. ఒకటో తేదీ పడిన జీతంలో ఇంటికీ చీటీకీ ఖర్చులకూ పోను 13,000. కావలి 3,000, ఒంగోలు 9,000. ఆత్మకూరు అబ్బాయి నుంచి ఇప్పటికి 4,000 వస్తాయని మాత్రమే లెక్క వేసుకుందాం. మొత్తం 47,000. తక్కువ పడేది 21,000.

ఈ 21,000 కోసం చీటీ పాడొద్దు. ఇంకా పదమూడు నెలలున్న చీటీకి పాట గట్టిగానే పోతుంది. 20,000 తగ్గించి పాడారనుకోండి, చేతికి 80,000 వస్తుంది, జామీను అడుగుతారు, మిగతా నెలలు కట్టడం ఎలాగూ తప్పదు. 21,000 అవసరానికి 20,000 వదులుకున్నట్టు. మిగిలిన 59,000 ఏమవుతుంది? ఖాతాలో కొన్నాళ్ళు ఉండి ఏ కొత్త బండికో డౌన్ పేమెంట్ అవుతుంది. ఇలాంటివి చాలా చూశాను. మీ చీటీ రిజిస్టరైనదో కాదో రాయలేదు. చీటీలకు 1982 నాటి చట్టం ఉంది, రిజిస్ట్రేషన్ ఉండాలి, కట్టిన ప్రతి నెలకూ రసీదు ఉండాలి. లేకపోతే దాని గురించి విడిగా రాయండి.

మిగిలినవి రెండు దారులు. ఒకటి, అమ్మ గొలుసు మీద బ్యాంకులో లోను. రెండు, బిల్లులో ఆ 21,000ని మూడు నెలల ఈఎంఐగా మార్చుకోవడం. లోను రూపాయి వడ్డీకి దొరికిందనుకుంటే, మూడు నెలల్లో తీర్చేసేసరికి వడ్డీ 400 చిల్లర. ఈఎంఐ రూపాయిన్నర వడ్డీకి ఇచ్చారనుకుంటే వడ్డీ, దాని మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు కలిపి 1,000 దాకా అవుతుంది. కాగితం మీద గొలుసే చవక. కానీ తేడా 600. ఆ 600 కోసం మీ అమ్మగారు ట్రెక్కింగుకి గొలుసు తీయడం నాకు నచ్చలేదు. ఇది లెక్క కంటే నా అభిప్రాయం అనుకోండి. అవసరం ఏ లక్షో అయ్యుంటే గొలుసే పెట్టమనేవాణ్ణి.

ఈఎంఐకి బ్యాంకుకి ఫోన్ చేసేటప్పుడు వడ్డీ రేటు, ప్రాసెసింగ్ ఫీజు, ముందే తీర్చేస్తే ఎంత కోత, ఈ మూడూ అడగండి. "జీరో కాస్ట్" అన్నా ఫీజు ఎంతో అడగండి. ఆదివారం కలిసొచ్చాక మర్నాడు మార్చుకోండి. ఒంగోలు డబ్బు రాకపోతే 21,000 బదులు 30,000 మార్చాల్సి రావచ్చు, అందుకే తొందరపడొద్దంటున్నాను. అలాగని 9 దాకా కూర్చోవద్దు, చివరి తేదీ దాటితే ఆ అవకాశం ఉండకపోవచ్చు. తేదీ దాటి మూడు రోజులు మించితే గానీ లేట్ ఫీజు వేయకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. అది అత్యవసరానికి. మీరు దాని మీద ఆధారపడకండి.

నెలకు ఈఎంఐ 7,300 లోపే ఉంటుంది. మీకు మిగిలే 13,000, ఆత్మకూరు నుంచి వచ్చే 4,000 కలిపితే, ఈఎంఐ పోను నెలకు 9,700 దాకా తిరిగి బ్యాంకులో పడుతుంది. మూడు నెలల్లో మీ 22,000 దాటిపోతుంది. ఈ మూడు నెలలూ కార్డు పర్సులో ఉండకూడదు, ఇంట్లో బీరువాలో పెట్టండి.

ఆత్మకూరు ఫ్రెండ్‌ని ఎలా అడగాలి? మొహమాటపడి నాన్చితే ఆయనకే ఇబ్బంది. ఎంత ఇవ్వాలో తెలియక మీ ఫోన్ ఎత్తడం మానేస్తాడు. కావలిలో అందరి ముందూ అడగొద్దు. ముందు రోజే విడిగా మెసేజ్ పెట్టండి: "రేయ్, లెక్క తేలింది. నీది 16,000. ఇప్పుడు 4,000 సర్దు, కార్డు బిల్లుంది. మిగతాది ఉద్యోగంలో చేరాక నెలకు 4,000 చొప్పున మూడు నెలలు." అంతే. వడ్డీ మాట వద్దు, "పర్లేదులేరా, ఎప్పుడైనా ఇవ్వు" అన్న మాట అసలే వద్దు. ఆ 4,000 కూడా లేదంటే వదిలేయండి, ఈఎంఐ కాస్త పెంచుకుంటే సరి.

రైలు సంగతి. మూడు గంటలు దాటి లేటైతే పూర్తి డబ్బు వెనక్కి వచ్చే మాట నిజమే. అయితే ఆ ప్రయాణం మానుకోవాలి, రైలు కదలకముందే ఆన్‌లైన్‌లో టీడీఆర్, అంటే డబ్బు వెనక్కివ్వమనే దరఖాస్తు, వేయాలి. మీరు ఎక్కి ఇంటికొచ్చేశారు. ఏమీ రాదు.

పర్సులో ఇంకా 3,200 ఎన్‌సీ మిగిలాయన్నారు. అవి సరిహద్దు ఊరు సునౌలీలోనే మార్చుకుని రావాల్సింది. నెల్లూరులో వాటి కోసం తిరిగితే ఆ 2,000 రూపాయల్లో కొంత పెట్రోలుకే పోతుంది. పై లెక్కలో నేను వాటిని కలపలేదు. ఎవరైనా నేపాల్ వెళ్తుంటే ఇచ్చి మన రూపాయలు తీసుకోండి. అప్పటిదాకా ఒక కవర్లో పెట్టి, పైన పెన్నుతో పెద్దగా "ఎన్‌సీ" అని రాయండి.