‘కొడుకు చేత ఇవన్నీ చేయించుకోను’ అంటోంది అమ్మ

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు. తెనాలి దగ్గర ఓ ఊళ్ళో జిరాక్సు షాపు నడుపుతున్నాను. నాలుగు నెలల క్రితం మా అమ్మకి (61) పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట నెమ్మదిగా వస్తుంది కానీ తెలివి చక్కగా ఉంది. మూడు నెలలు స్నానం, బట్టలు, దొడ్డికి తీసుకెళ్ళడం అన్నీ నా భార్యే చూసింది. ఇప్పుడు తనకి ఏడో నెల. బరువులు ఎత్తొద్దన్నారు డాక్టరు. పని నా మీద పడింది. నేను దగ్గరికి వెళితే అమ్మ గోడవైపు తిరిగి ఏడుస్తోంది. ఒంటికి పోవాల్సొస్తుందని మంచినీళ్ళు తాగడం దాదాపు మానేసింది. మొన్న పక్క తడిపి చెప్పలేదు. గట్టిగా అరిచేశాను. ఆ రాత్రి నుంచి నాకు నిద్ర లేదు. హైదరాబాదులో ఉన్న అక్క హోమ్‌లో చేర్చమంటోంది. చుట్టాలేమో ‘మగాడివి, నువ్వు చేయడమేంట్రా’ అంటున్నారు. నేను చేస్తున్నది తప్పా?

జవాబు: తప్పు కాదు బాబూ. అరిచినందుకు నిద్ర పట్టని కొడుకు చేతుల్లో ఆ తల్లి క్షేమంగానే ఉంటుంది. అయితే ఆ అరుపు ఆమె చెవుల్లో ఇంకా ఉంటుంది. కాబట్టి ముందు వెళ్ళి ‘అమ్మా, ఆరోజు అరిచాను, తప్పయింది’ అని చెప్పండి. కారణాలు వివరించకండి. షాపు, అప్పు, అలసట ఇవేవీ ఆ మాటకి తోడు రాకూడదు.

ఇక అసలు సంగతి. మీరు ఆమె సిగ్గుని పనికి అడ్డంగా చూస్తున్నారు. నాకు అలా అనిపించడం లేదు. చెయ్యి పోయింది, నడక పోయింది, వంటిల్లు పోయింది. ఇంకా తనదని మిగిలింది ఆ సిగ్గు ఒక్కటే. దాన్ని వదిలెయ్యమంటే ఏ మనిషైనా గోడవైపే తిరుగుతుంది. మా అత్తగారికి ఏడాదిన్నర నేనూ చేశాను. ఆడదాన్నే అయినా మొదటి నెలంతా ఆవిడ నాతో సరిగా మాట్లాడలేదు. కాబట్టి ఇది కొడుకు కావడం వల్ల మాత్రమే వచ్చిన చిక్కు అనుకోకండి.

మీ ఉత్తరంలో మీరు పట్టించుకోనిది ఒకటుంది. పడిపోయింది కుడి చెయ్యి. ఎడం చెయ్యి బాగుంది. కడుక్కోవడానికి జీవితమంతా ఆమె వాడింది ఆ చెయ్యే కదా! అంటే మీరిద్దరూ అన్నిటికన్నా ఎక్కువ భయపడుతున్న పనిని చాలావరకు ఆమే చేసుకోగలదు. ఆమెకి కావలసింది కూర్చునే ఏర్పాటు, చేతికందేలా మగ్గు, అటు తిరిగి నిలబడే మనిషి. కమోడ్ కుర్చీ ఒకటి కొనండి, లేదా అద్దెకు తెచ్చుకోండి. మంచం పక్కన ఆమె ఎడమ వైపు, అంటే బలం ఉన్న వైపు పెట్టండి. మీరు లేపి కూర్చోబెట్టి, ఒళ్ళో తువ్వాలు కప్పి, తలుపు అవతల నిలబడండి, పిలిస్తే వినపడేంత దూరంలో. కడుక్కోవడం ముందు నుంచి వెనక్కి ఉండాలని ఒకసారి మీ ఆవిడ చేత చెప్పించండి. అది మీరు చెప్పాల్సిన మాట కాదు.

తడిపేదాకా ఆగకుండా గడియారం చూసి రెండు మూడు గంటలకోసారి ‘అమ్మా, కూర్చుంటావా’ అని అడగండి. ఆమె నోరు తెరిచి అడగాల్సి రావడానికి, మీరే అడగడానికి చాలా తేడా ఉంది. పొద్దున టిఫిను తిన్న పావుగంటకి ఎవరికైనా పేగులు కదులుతాయి కాబట్టి రెండోదానికి ఆ వేళ అలవాటు చేయండి. రాత్రి డైపర్ వేస్తే వేయొచ్చు. కానీ మీకు తీరిక లేదని పగలంతా డైపర్‌లో ఉంచితే ఆమె ఇంకా కుంగిపోతుంది, చర్మమూ పాడవుతుంది.

నీళ్ళు మానేయడం మాత్రం ఈ ఉత్తరం మొత్తంలో నన్ను భయపెట్టిన విషయం. నీళ్ళు తగ్గితే మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది, మలబద్ధకం వస్తుంది. పెద్దవాళ్ళలో ఒక్కోసారి జ్వరం కూడా రాకుండా ఉన్నట్టుండి మత్తుగా పడుకోవడం, అయోమయంగా మాట్లాడటమే ఇన్ఫెక్షన్‌కి మొదటి గుర్తు అవుతుంది. అయితే అలాంటి మార్పు, ముఖ్యంగా మాట ఇంకా తడబడటం, మూతి వంకర పోవడం కనిపిస్తే ఇన్ఫెక్షనేలే అనుకుని ఇంట్లో కూర్చోకండి. మళ్ళీ పక్షవాతమేమో, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇంకోటి, నీళ్ళు తాగేటప్పుడు పొలమారుతోందేమో గమనించండి. పొలమారుతుంటే డాక్టరుకి చెప్పేదాకా పలచటివి ఇవ్వొద్దు. తాగేటప్పుడు, తినేటప్పుడు నిటారుగా కూర్చోవాలి, ఆ తర్వాత అరగంట పడుకోబెట్టకూడదు.

అన్నం దగ్గరే ఆ ఎడం చెయ్యి ఆమెని బాధపెడుతుంది. ఎడం చేత్తో తినడం మనవాళ్ళకి ఎంత కష్టమో మీకు తెలుసు. చెంచా ఇచ్చి చూడండి. వద్దంటే మీరు కలిపి ముద్దలు పెట్టండి. అమ్మకి ముద్ద పెట్టడానికి కొడుకు సిగ్గుపడక్కర్లేదు, పెట్టించుకోవడానికి ఆమె కూడా అంతగా మొహమాటపడదు. మీరు దగ్గర కావడానికి దారి బాత్రూములో కాదు, కంచం దగ్గర మొదలవుతుందని నాకనిపిస్తుంది.

స్నానం సంగతి. కాలవ గట్టున, నూతి దగ్గర గుండెల మీదకి లంగా కట్టుకుని స్నానం చేసిన తరం ఆమెది. అలాగే చేయించండి. వీపు ఆనుకునే కుర్చీ వేయండి, కింద రబ్బరు మ్యాటు పరవండి. పీట మీద మాత్రం కూర్చోబెట్టొద్దు, లేపలేరు. నీళ్ళ వేడి మీ మోచేత్తో చూడండి, కుడివైపు ఆమెకి కాలినా తెలియకపోవచ్చు. సబ్బు ఆమె చేతికే ఇవ్వండి. మీరు నీళ్ళు పోయడం, వీపు, కాళ్ళు, పడిపోయిన చెయ్యి, ఇంకా ఎడం చెయ్యి (దాన్ని అదే తోముకోలేదు కదా) చూస్తే చాలు. తుడిచాక ముందు గుండీలున్న నైటీ వేసి, లోపలి తడి లంగా ముడి ఆమెనే విప్పుకోనివ్వండి. తొడిగేటప్పుడు పడిపోయిన కుడి చేతికి ముందు, విప్పేటప్పుడు ఎడమ చేతికి ముందు. ఈ ఒక్క వరస తెలియక చాలా ఇళ్ళలో రోజూ పోట్లాట. రోజూ నిండా స్నానం అక్కర్లేదు కూడా, మధ్యలో ఓ రోజు తడిగుడ్డతో తుడుచుకుంటే సరి.

లేపేటప్పుడు ఆ కుడి చెయ్యి పట్టుకుని లాగకండి, చంకల కింద చేతులు వేసి ఎత్తకండి. భుజం కీలు జారుతుంది. నడుముకి తువ్వాలు బిగించి దాన్ని పట్టుకుని లేపే పద్ధతి ఉంటుంది. ఫిజియో వచ్చినప్పుడు మీ చేత చేయించి చూపించమనండి. మీ నడుమూ మిగలాలి. ఫిజియో మానేయకండి. పోయిన బలం ఎక్కువగా తిరిగొచ్చేది మొదటి ఆరు నెలల్లోనే. ఆమె చేసుకోగల పనిని జాలితో మీరు చేసేస్తే ఆ కాలం వృథా అవుతుంది. పడుకుని ఉన్నప్పుడు రెండు గంటలకోసారి పక్క మార్చండి. నడుం కింద, మడమల మీద ఎర్రటి మచ్చ వేలితో నొక్కినా పోకపోతే అది పుండు పడబోయే గుర్తు. దాన్ని రుద్దొద్దు, అటువైపు బరువు పడనీయకండి, డాక్టరుకి చూపించండి.

ఇన్ని చెప్పినా ఆమె స్నానానికి ఒప్పుకోకపోతే? అప్పుడు ఆయాని పెట్టుకోవడంలో తప్పు లేదు. రోజంతా అక్కర్లేదు, పొద్దున గంటన్నర వస్తే చాలు. ‘అమ్మా, నేను చేయనా, మనిషిని పెట్టనా’ అని ఆమెనే అడగండి. డబ్బు విషయానికొస్తే, ప్రభుత్వాసుపత్రి బోర్డు ముందు జరిగే సదరం పరీక్షకి (వైకల్యం ఎంతో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చేది) మీ సచివాలయంలో అడగండి. ఎన్టీఆర్ భరోసా పింఛను పథకంలో వికలాంగులకు నెలకు 6,000 రూపాయలు, పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకి 15,000 రూపాయలు ఇస్తున్నారు. మీ అమ్మ ఎందులోకి వస్తుందో, అసలు వస్తుందో లేదో తేల్చేది ఆ బోర్డు.

చుట్టాల మాట వదిలేయండి. ‘మగాడివి’ అన్నవాళ్ళలో వచ్చి ఓ పూట కూర్చున్నవాళ్ళు ఎంతమంది? అక్క సలహా వేరు. హోమ్ పాపం కాదు, చేతకానప్పుడు అదీ ఒక దారే. కానీ తెలివి బాగున్న మనిషి గురించి ఆమెని అడగకుండా మీరిద్దరూ తేల్చేయడం అన్యాయం. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కొడుకునీ కూతుర్నీ ఒకేలా బాధ్యుల్ని చేసింది. అలా అని అక్కని చట్టంతో బెదిరించమనడం లేదు, సలహాతో ఆమె వంతు తీరిపోదని మీకు తెలియాలని చెబుతున్నాను. నెలకి ఆయా జీతంలో సగం అడగండి. మరో రెండు నెలల్లో పురుడొస్తుంది. ఆ వారాల్లో మీరు ఆసుపత్రిలో ఉంటే అమ్మ దగ్గర ఎవరుంటారు? ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా సెలవు పెట్టగలదో అక్కకి ఈ ఆదివారమే ఫోన్ చేసి అడగండి. ఫోన్ స్పీకరులో పెట్టి, అమ్మ మంచం పక్కన కూర్చునే మాట్లాడండి.