పండగ తరువాత పగలు లంఖణాలు, రాత్రి అరిసెలు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. మావారికి 52 ఏళ్ళు, కొబ్బరి వ్యాపారం చేస్తారు. కొన్నేళ్ళుగా షుగరు మాత్రలు వాడుతున్నారు. అమ్మాయి పెళ్ళయ్యాక వచ్చిన మొదటి సంక్రాంతి కావడంతో అల్లుడుగారి పక్కన కూర్చుని ప్రతి పూటా ఆయనతో సమానంగా తిన్నారు. కనుమ, ముక్కనుమ రోజుల్లో స్నేహితులతో మందు కూడా పుచ్చుకున్నారు. పండగ వెళ్ళాక చూస్తే పరగడుపున షుగరు 190 ఉంది, బరువు మూడు కిలోలు పెరిగింది. అప్పటినుంచి ‘లంఖణం పరమౌషధం’ అంటూ పగలంతా నిమ్మరసం, కాకరకాయ రసంతో గడుపుతున్నారు. తిననప్పుడు మాత్ర ఎందుకని ఒకరోజు వేసుకుంటే ఒకరోజు మానేస్తున్నారు. రాత్రి మేమంతా పడుకున్నాక మాత్రం అరిసెల డబ్బా తెరుస్తున్నారు. డబ్బా అటకెక్కిస్తే స్టూలు వేసుకుని దించారు. అడిగితే గొడవ, అత్తగారేమో ‘పండగ పిండివంటలకి లెక్కలేమిటి’ అని నన్నే తప్పుపడుతున్నారు. మాఘమాసంలో వియ్యాలవారింట్లో పెళ్ళి కూడా ఉంది. సహజంగా ఒంటిని దారిలో పెట్టే మార్గం చెప్పగలరా?

సమాధానం: అమ్మా, ముందుగా మాత్రల సంగతి తేల్చుకోవాలి. షుగరు మాత్రలన్నీ ఒక్కలా పనిచేయవు. గ్లిమిపెరైడ్ వంటివి వేసుకుని కడుపు మాడ్చుకుంటే రక్తంలో చక్కెర 70 కంటే దిగువకు పడిపోయి చెమటలు పట్టడం, చేతులు వణకడం, మాట తడబడడం, ఒక్కోసారి స్పృహ తప్పడం కూడా జరగవచ్చు. కాకరకాయ రసానికి కూడా చక్కెరను కొంత తగ్గించే గుణం ఉంది కనుక, మాత్రా అదీ ఖాళీ కడుపున కలిసిన రోజున ప్రమాదం మరింత పెరుగుతుంది. మాత్ర మానేసిన రోజున ఇందుకు భిన్నంగా చక్కెర పైకి ఎగబాకుతుంది. కాబట్టి ఈ ఉత్తరం చదివిన రోజే మీవారు వాడే మందుల చీటీ తీసుకుని డాక్టరుగారి దగ్గరకు వెళ్ళండి. వెళ్ళేలోగా ఉపవాసాలు ఆపి, మామూలు భోజనమూ, రాసిచ్చినట్టుగా మాత్రలూ కొనసాగించమనండి. ఎప్పుడైనా వణుకూ చెమటలూ కనిపిస్తే, స్పృహలో ఉండగానే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట తరువాత మళ్ళీ పరీక్షించండి. ‘లంఖణం పరమౌషధం’ అన్న పెద్దల కాలంలో షుగరు మాత్రలు లేవన్న సంగతి కూడా మీవారికి గుర్తు చేయవచ్చు.

ఇక ఆయన్ను అంతగా భయపెట్టిన ఆ మూడు కిలోల మాట. ఒక కిలో కొవ్వు చేరాలంటే అవసరానికి మించి సుమారు 7,700 కేలరీలు తినాలి. మూడు కిలోలకు 23,000 పైచిలుకు అవుతుంది. మర్యాదలకు పేరుపడ్డ మన జిల్లాల్లో కూడా నాలుగైదు రోజుల్లో అంత అదనంగా తినడం ఎవరికైనా కష్టమే. జంతికలు, ఆవకాయ, అప్పడాలు, మాంసం కూరల్లోని ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. పిండిపదార్థాలు కాలేయంలో, కండరాల్లో నిల్వ అయ్యేటప్పుడు గ్రాముకు మూడు గ్రాముల చొప్పున నీటిని తమతో ఉంచుకుంటాయి. ఆ బరువులో ఎక్కువ భాగం ఈ నీరే కనుక, మామూలు తిండికి మళ్ళితే వారం పది రోజుల్లో అదే దిగుతుంది. ఒంట్లో విషాలు చేరాయనీ, విరేచనాలతో కడిగేయాలనీ ఎవరైనా చెబితే వినవద్దు. ఆ పని కాలేయమూ మూత్రపిండాలూ రోజూ చేస్తూనే ఉంటాయి, విరేచనాల మందుతో పోయేది నీరూ లవణాలే.

రాత్రివేళ అరిసెల డబ్బా తెరవడాన్ని మీరు మొండితనంగా చూస్తున్నట్టున్నారు. నాకు అందులో ఆకలే ఎక్కువగా కనిపిస్తోంది. పొద్దున్నుంచి నిమ్మరసంతో నెట్టుకొచ్చిన మనిషికి రాత్రి పదకొండు గంటలకు ఎదురుగా తీపి ఉంటే మనోనిబ్బరం పనిచేయదు. పగటి లంఖణమే రాత్రి అరిసెలను తినిపిస్తోంది, అవి తిన్నందుకు మర్నాడు మళ్ళీ లంఖణం చేస్తున్నారు. బెల్లమే కదా అన్న ధీమా ఒకటి మన ఇళ్ళలో ఉంది కానీ, రక్తంలో చక్కెర పెంచడంలో బెల్లానికీ పంచదారకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా అరిసె అంటే కొత్తబియ్యప్పిండి, బెల్లప్పాకం, నూనె. చెక్కల మధ్య ఎంత ఒత్తినా కొంత నూనె అందులోనే మిగులుతుంది. కనుమనాటి జగ్గన్నతోట తీర్థానికి, దేవుళ్ళను నిలిపిన వెదురు ప్రభలను భుజాలకెత్తుకుని వరిచేల మీదుగా, కౌశిక నది దాటించి తీసుకెళ్ళే కుర్రవాళ్ళు తింటే అది అరిగిపోతుంది. కొట్లో కూర్చుని కొబ్బరి లెక్కలు చూసుకునే మనిషికి ఆ అవకాశం లేదు.

అందుచేత మూడు పూటలా వేళకు తినిపించండి. పొద్దున్న అల్లంముక్కలు వేసిన పెసరట్టు, ఉప్మా లేకుండా. మధ్యాహ్నం సగం కంచం కూరే ఉండాలి. ఆనపకాయ, పొట్లకాయ, చిక్కుడుకాయ, తోటకూర వంటివి తక్కువ నూనెతో వండి, ఒక గిన్నెడు పప్పో, చేపల పులుసో వడ్డించి, అన్నం మామూలుగా పెట్టేదానిలో సగానికి తగ్గించండి. అన్నం పూర్తిగా మాన్పించవద్దు. గోదావరి మనిషికి అన్నం మాన్పిస్తే నాలుగో రోజున దానికి రెట్టింపు తింటాడు. రాత్రి భోజనం ఎనిమిది లోపు ముగియాలి. పలచని మజ్జిగ, మిరియాల చారు, వాము నీళ్ళు కడుపు ఉబ్బరానికి కాస్త హాయినిస్తాయి, అంతకు మించి వాటి మీద ఆశలు పెట్టుకోవద్దు. ఊరగాయలు, అప్పడాలు, వడియాలు కొన్నాళ్ళు కంచంలోకి రాకుండా చూడండి. మద్యం పూర్తిగా మానాలి.

వీటన్నిటికంటే త్వరగా ఫలితమిచ్చేది భోజనం తరువాత నడక. తిన్న కాసేపటికి పది పదిహేను నిమిషాలు నడిస్తే కాళ్ళ కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి, షుగరు యంత్రంతో చూసుకుంటే ఆ తేడా ఆయనకే కనిపిస్తుంది. కాలువగట్టు మీద ఆయనతో పాటు మీరూ నడవండి. ఒంటరిగా పంపితే నడక టీకొట్టు దగ్గర ఆగిపోతుందని నా అనుమానం.

గొడవ విషయానికి వస్తే, డబ్బా అటకెక్కించడం వల్ల మీరు కాపలాదారూ ఆయన దొంగా అయ్యారు. యాభై దాటిన మనిషి స్వంత ఇంట్లో చీకట్లో స్టూలెక్కి, మూత చప్పుడు కాకుండా తీసి, నిలబడి గబగబా నమలడం ఆయనకు మాత్రం గౌరవంగా ఉంటుందా? తెల్లారి నలుగురిలో మీరడిగితే కోపం తప్ప ఆయనకు మరో దారి లేదు. మిగిలిన పిండివంటల్లో కొంత అమ్మాయికి పంపి, కొంత మీ దింపు, ఒలుపు కార్మికులకు పంచిపెట్టండి. పంచడం అత్తగారి చేతుల మీదుగానే జరిపించండి. పండగ వంటను పారేయడం లేదన్న తృప్తి ఆవిడకు ఉంటుంది, డబ్బా కూడా ఖాళీ అవుతుంది. చక్కెర అదుపులోకి వచ్చాక, డాక్టరుగారు సరేనంటే, ఎప్పుడైనా మధ్యాహ్న భోజనంలో కొంత అన్నం తగ్గించి దానికి బదులు అర అరిసె అందరి ఎదుటా మీరే వడ్డించండి.

అత్తగారితో వాదం పెట్టుకోకండి. వడ్డించిన దాన్ని కొడుకు తింటుంటే చూసి మురిసిపోయే తరం ఆవిడది. డాక్టరుగారి దగ్గరకు ఆవిడను కూడా తీసుకువెళ్ళి, ఆయన నోటితోనే చెప్పించండి. కోడలు చెబితే ఆంక్షలా వినిపించే మాట డాక్టరు చెబితే జాగ్రత్తలా వినిపిస్తుంది. ఇది అన్యాయమే అయినా, ప్రస్తుతానికి పని జరగడం ముఖ్యం.

మాఘమాసపు పెళ్ళికి సంబంధించి ఇప్పుడే ఒక ఏర్పాటు చేసుకోండి. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి వడ్డించే మర్యాద మనది కనుక, పంక్తిలో కూర్చున్నాక వద్దనడం మీవారి వల్ల కాదు. అల్లుడుగారికి ముందుగా ఫోనులో, ‘మావగారికి ఈమధ్య షుగరు ఎక్కువైంది బాబూ, వడ్డనలో ఆయన్ను బలవంతపెట్టకుండా మీ వాళ్ళకు మీరే ఓ మాట చెప్పాలి’ అనండి. కొత్త అల్లుడికి మావగారి తరఫున మాట్లాడే అవకాశమివ్వడం ఆయనకూ గౌరవమే, వియ్యపురాలికీ నొచ్చుకునే వీలుండదు. ఆ రోజు ఆకలితో పంక్తికి వెళ్ళకుండా, బయలుదేరే ముందు ఇంట్లో కాస్త పెసరట్టో మజ్జిగో తీసుకోమనండి.

ఇంటి వైద్యంతో ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఛాతీలో బరువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, ఆయాసం కనిపిస్తే గ్యాసు అనుకుని వాము నమిలిస్తూ కూర్చోకూడదు. పొట్ట పైభాగం నుంచి వీపులోకి పొడుచుకుపోయే నొప్పీ వాంతులూ విందూ మందూ తరువాత వస్తే క్లోమం వాచిందేమో చూడాలి. షుగరు 300 దాటి, వాంతులో మగతో తోడైనా ఆగకూడదు. వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా వెంటనే అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మూడు నెలల సగటు చూపే షుగరు పరీక్ష ఈ వారంలోనే చేయించండి. నాలుగు రోజుల పండగ ఆ అంకెను పెద్దగా మార్చదు కనుక, అది కూడా ఎక్కువగా వస్తే సంక్రాంతికి ముందునుంచే చక్కెర అదుపులో లేదని అర్థం. అప్పుడు మందుల మోతాదు మార్చవలసి రావచ్చు, అందుకు మీవారు వెనకాడకూడదు.