ఐసీడీ వచ్చినవాళ్లకి లాయింక్, స్నోమెడ్ ఎందుకు? క్వాలిటీ మెజర్స్‌లో నేను చేసిన తప్పుతో సహా

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: బీఫార్మసీ చేసి హైదరాబాద్‌లో మూడేళ్లుగా మెడికల్ కోడింగ్ చేస్తున్నారు. ఐసీడీ-10-సీఎం (బిల్లుల కోసం జబ్బులకి వేసే కోడ్లు) చేతికి అలవాటైంది. ఇప్పుడు అమెరికా క్లయింటు ఈసీక్యూఎం (కంప్యూటర్ రికార్డుల నుంచి తీసే వైద్య నాణ్యత లెక్కలు; ఒక్కో లెక్కని మెజర్ అంటారు) ప్రాజెక్టులో వేశారు. అక్కడ లాయింక్, స్నోమెడ్, ఆర్‌ఎక్స్‌నార్మ్, వాల్యూ సెట్లు అంటున్నారు (మొదటి మూడూ వరసగా పరీక్షలకి, జబ్బులకి, మందులకి వేసే కోడ్లు; వాల్యూ సెట్ అంటే అలాంటి కోడ్ల జాబితా). ఒక్క షుగర్ పేషెంటుకి ఇన్ని రకాల కోడ్లు ఎందుకు, ముందు ఏది బట్టీ పట్టాలి?

ఏదీ పట్టొద్దు. నేను ఆరేళ్ల నుంచి ఈ పనిలో ఉన్నాను, నాకు గుర్తున్న లాయింక్ కోడ్లు పదికి మించవు. అవి కూడా దెబ్బ తిన్నందుకు గుర్తున్నవే.

నేను కోడింగ్‌లోకి రాకముందు డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చేసి గుంటూరులో ఒక ల్యాబ్‌లో పనిచేశాను. హెచ్‌బీఏ1సీ పరీక్షని అక్కడ ఎవరూ ఆ పేరుతో పిలిచేవాళ్లు కాదు. పేషెంట్లు ‘మూడు నెలల షుగర్’ అనేవారు. ఒక డాక్టరుగారు ‘గ్లైకో’ అని రాసేవారు, ఇంకొకరు ‘ఏ1సీ’ అని, పెద్దాయన ఒకరు ‘జీహెచ్‌బీ’ అని. కౌంటర్లో ఉన్న అమ్మాయి దగ్గర్నుంచి అందరికీ అర్థమైపోయేది. కంప్యూటర్‌కి మాత్రం అవి నాలుగు వేర్వేరు పరీక్షలు. మీ ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది.

అమెరికాలో ఆసుపత్రుల క్వాలిటీ లెక్కలు ఒకప్పుడు చాలావరకు మనుషులే కట్టేవాళ్లు. నర్సులు చార్టులు తీసి, చదివి, ఫారాలు నింపేవారు. ‘బయటి ల్యాబ్‌లో ఏ1సీ 7.2 వచ్చిందట’ అని డాక్టరు నోట్‌లో ఒక మూల రాసినా, చదివే మనిషికి కనపడుతుంది. 2009లో హైటెక్ చట్టం వచ్చింది. రికార్డులు కంప్యూటర్లో పెట్టడానికి డాక్టర్లకీ ఆసుపత్రులకీ డబ్బులిచ్చి, ఆ రికార్డుల నుంచే క్వాలిటీ లెక్కలు తీసి పంపమంది. చదివే మనిషి స్థానంలో కంప్యూటర్ లాజిక్ వచ్చి కూర్చుంది, ఇప్పుడు దాన్ని సీక్యూఎల్ అనే భాషలో రాస్తారు. ఆ లాజిక్ నోట్ చదవదు. కోడ్ ఉంటే పరీక్ష జరిగినట్టు, లేకపోతే జరగనట్టు, అంతే.

ఇక మీకు తెలిసిన ఐసీడీ సంగతి. ఈ11.9 అంటే టైప్ 2 డయాబెటిస్, ఇబ్బందులేవీ లేవు అని. బిల్లుకి అది చాలు. ఆ పేషెంటు ఏ1సీ 6.8 ఉందో 11 ఉందో అది చెప్పదు. ఈ11.65 వేస్తే షుగర్ ఎక్కువగా ఉందని తెలుస్తుంది, ఎంతో తెలియదు. మెజర్‌కి కావాల్సింది ఆ అంకె. ఏ పరీక్ష చేశారో లాయింక్ చెబుతుంది, వచ్చిన అంకె దాని పక్కన ఉంటుంది. డాక్టరు ప్రాబ్లం లిస్టులో పెట్టే జబ్బు చాలాచోట్ల స్నోమెడ్‌లో ఉంటుంది (టైప్ 2కి 44054006). మందు ఆర్‌ఎక్స్‌నార్మ్‌లో ఉంటుంది. మీరు ఫార్మసీ వాళ్లు కాబట్టి అది మీకు అరగంట పని. ఏ కంపెనీ తయారుచేసినా, బ్రాండ్ పేరు లేని 500 మిల్లీగ్రాముల మామూలు మెట్‌ఫార్మిన్ మాత్ర ఒకే కోడ్ కిందకి వస్తుంది.

లాయింక్ మీద మాత్రం టైం పెట్టండి. ఇండియానాపొలిస్‌లోని రీజెన్‌స్ట్రీఫ్ ఇన్‌స్టిట్యూట్‌లో 1994లో మొదలైంది. ఒక్కో ల్యాబ్ తన సొంత కోడ్లతో రిపోర్టులు పంపితే వాటిని కలిపి చూడటం ఎలా అన్నదే అప్పటి సమస్య. ప్రతి పరీక్షనీ ఆరు వైపుల నుంచి చూస్తుంది: ఏం కొలుస్తున్నాం, ఏ రకం కొలత, ఏ సమయానికి, ఏ శాంపిల్‌లో, అంకె వస్తుందా మాట వస్తుందా, ఏ పద్ధతిలో. ల్యాబ్‌లో పనిచేసినవాడికి ఇది చదువుతుంటే ప్రాణం లేచొస్తుంది. తినకముందు షుగర్ సీరంలో చూస్తే 1558-6, ఎప్పుడు తీశారో చెప్పని మామూలు గ్లూకోజ్ 2345-7. హెచ్‌బీఏ1సీకి మామూలుగా 4548-4, హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో అయితే 17856-6.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. సీఎంఎస్ 122 అనే మెజర్ మీ ప్రాజెక్టులో దాదాపు ఖాయంగా ఉంటుంది. 18 నుంచి 75 ఏళ్ల షుగర్ పేషెంట్లలో చివరి ఏ1సీ 9 శాతం దాటినవాళ్లు ఎంతమంది అన్నది లెక్క. ఇది తిరగేసిన మెజర్. స్కోరు తగ్గితే మంచిది. ఇంకో మెలిక కూడా ఉంది: పరీక్ష చేయించనివాళ్లూ, రిజల్టు దొరకనివాళ్లూ కూడా చెడ్డ లెక్కలోకే వెళ్తారు.

మా క్లయింటు ఒక క్లినిక్‌ల గ్రూపు. నాలుగేళ్ల కిందట నవంబరులో వాళ్ల స్కోరు తీస్తే, అంతకుముందు ఏడాది పాతికకి అటూ ఇటూ ఉన్నది అరవై దాటింది. అమెరికా ప్రభుత్వ వైద్య బీమా మెడికేర్, డాక్టర్లకి స్కోరుని బట్టి చెల్లించే మిప్స్ పథకంలో ఇలాంటి స్కోర్లన్నీ కలిపి చూసి రెండేళ్ల తర్వాత చెల్లింపుల్లో 9 శాతం దాకా కోయొచ్చు. అందరికీ టెన్షన్. తవ్వితే తేలిందేమిటంటే, ఆ ఏడాది మధ్యలో వాళ్లు క్లినిక్‌లోనే వేలి మీద పొడిచి ఏ1సీ చూసే చిన్న మెషీన్లు పెట్టుకున్నారు. పేషెంటు వేరే ల్యాబ్‌కి వెళ్లక్కర్లేదు, మంచి పనే. కానీ ఆ రిజల్టులు లోకల్ పేరుతో వస్తున్నాయి, లాయింక్ గడి ఖాళీ. వైద్యం మెరుగైంది, స్కోరు మాత్రం చెడింది.

గంటలో సరిచేస్తానని లీడ్‌కి చెప్పాను. పేరులో ‘ఏ1సీ’ ఉన్న లోకల్ కోడ్లన్నిటికీ 4548-4 తగిలించి మళ్లీ రన్ చేశాను. స్కోరు ఎనభై దాటింది.

రెండు రోజులు లాజిక్‌లో తప్పుందనే వాదించాను. మూడో రోజు మా లీడ్ (గుండె జబ్బుల వార్డులో నర్సుగా చేసి ఇటు వచ్చిన అక్క) లాజిక్ సంగతి తర్వాత, ముందు ఒక్క పేషెంటుని తెరిచి చూపించమంది. తెరిచాను. ఏ1సీ 7.0. దాని కింద అదే నిమిషానికి ఇంకో లైను: 154.

మెషీన్ ఏ1సీతో పాటు సగటు గ్లూకోజ్ కూడా లెక్కగట్టి ఇస్తుంది. ఏ1సీని 28.7తో గుణించి 46.7 తీసేస్తే వచ్చేది అదే. 7కి డెసిలీటరుకి 154 మిల్లీగ్రాములు. దాని లోకల్ పేరు ‘ఏ1సీ ఈఏజీ’. దాని అసలు లాయింక్ 27353-2. పేరులో ఏ1సీ ఉంది కదా అని దానికీ 4548-4 పెట్టేశాను. యూనిట్ గడి ఖాళీగా ఉంటే శాతం అని వేసెయ్యమని డేటా ఎక్కించే లోడర్‌లో రాసింది కూడా నేనే. 154 శాతం, 9 కంటే ఎక్కువ, పేషెంటు చెడ్డ లెక్కలోకి. గుంటూరులో ఆ సగటు గ్లూకోజ్ లైను నా చేత్తో వందల రిపోర్టుల్లో టైపు చేసినవాణ్ని నేను. అక్క ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధపెట్టింది.

ఆ మ్యాపింగ్ తీసేసి, యూనిట్ లేని రిజల్టుల్ని పక్కన ఆపి మనిషి చూసేలా పెట్టాక స్కోరు దారికొచ్చింది. అప్పుడే ఇంకోటి కనపడింది. ఆ మెషీన్ 14 దాటితే అంకె ఇవ్వదు, ముందు ‘ఎక్కువ’ గుర్తు పెట్టి 14.0 అని ఇస్తుంది. మా ప్రోగ్రాంకి అది అంకె కాదు, మాట. కాబట్టి రిజల్టు లేనట్టే, చెడ్డ లెక్కలోకే. ఆ పేషెంట్లు ఎటూ అక్కడే ఉండాల్సినవాళ్లు, అదృష్టం కొద్దీ తప్పు దారిన వెళ్లి సరైన గడిలో పడ్డారు.

యూనిట్ల సంగతి వచ్చింది కాబట్టి ఇదీ గుర్తుంచుకోండి: బ్రిటన్‌లో చేయించిన రిపోర్టులో ఏ1సీ 53 అని ఉంటే కంగారు పడకండి. అది మోల్‌కి మిల్లీమోల్స్, మన లెక్కలో 7 శాతం.

వాల్యూ సెట్ అంటే భయపడేంత ఏమీ లేదు. ‘డయాబెటిస్’ అని మెజర్ అంటే ఏయే కోడ్లు అని రాసిపెట్టిన జాబితా అది. అందులో ఐసీడీ, స్నోమెడ్ రెండూ ఉంటాయి. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వాళ్ల వీశాక్ సైట్‌లో ఉచితంగా అకౌంటు తెరిచి చూడొచ్చు. జాగ్రత్త పడాల్సింది ఏ ఏడాది జాబితా అన్న దగ్గర. కొత్త ఏడాది మెజర్లు ముందు ఏడాది మే నెలలో వస్తాయి. ఐసీడీ అక్టోబర్ 1న మారుతుంది, లాయింక్ ఏడాదికి రెండుసార్లు. ఈ 122నే తీసుకోండి, 2025 నుంచి పేరే మారింది, ఏ1సీతో పాటు చర్మానికి పెట్టుకునే సెన్సర్లు ఇచ్చే జీఎంఐని (సెన్సర్ చూసిన గ్లూకోజ్ సగటు నుంచి అంచనా వేసే, ఏ1సీ లాంటి శాతం) కూడా ఒప్పుకుంటుంది. పాత జాబితాతో రన్ చేస్తే సెన్సర్ పెట్టుకుని ఏ1సీ చేయించని పేషెంట్లంతా గల్లంతే.

ఇది అమెరికా వ్యవహారమే అయినా నేర్చుకున్నది ఇక్కడ వృథా పోదు. ఆసుపత్రుల కంప్యూటర్ రికార్డులకి మన కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఈహెచ్‌ఆర్ ప్రమాణాల్లో (2013లో వచ్చి 2016లో మారినవి) స్నోమెడ్, లాయింక్ రెండూ ఉన్నాయి. స్నోమెడ్‌కి మన దేశంలో డబ్బు కట్టక్కర్లేదు, కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన పుణె సీ-డాక్‌లోని ఎన్‌ఆర్‌సీఈఎస్ నుంచి తీసుకోవచ్చు.

మీరు మొదటి వారం చేయాల్సింది ఒకటే. టెస్టు డేటాలో ఒక షుగర్ పేషెంటుని పట్టుకోండి. ల్యాబ్ నుంచి రిజల్టులు మోసుకొచ్చిన హెచ్‌ఎల్7 మెసేజ్‌లో ఓబీఎక్స్ లైను (ఒక్కో రిజల్టుకి ఒక్కో లైను) తెరవండి. మూడో గడిలో పరీక్ష కోడ్, ఐదో గడిలో రిజల్టు, ఆరో గడిలో యూనిట్. అక్కడి నుంచి ఆ అంకె లెక్కలో ఏ గడిలో పడిందో చివరిదాకా వెంటపడండి. మధ్యలో తెగిందంటే ఎక్కడ తెగిందో అదే మీ పని. తర్వాత బీపీ మెజర్, అంటే సీఎంఎస్ 165, ఇలాగే చూడండి. ఒకే రోజు మూడుసార్లు బీపీ చూస్తే అన్నిటిలో తక్కువ పై అంకె, తక్కువ కింది అంకె తీసుకుంటుంది, రెండూ ఒకే కొలతలోవి కాకపోయినా సరే. నాకు ఇప్పటికీ అది వింతగానే ఉంటుంది.

అన్నట్టు, ల్యాబ్ లోకల్ కోడ్లకి లాయింక్ మ్యాపింగ్ షీటు ఎవరి దగ్గరుందో రేపే అడగండి. డాక్యుమెంట్లలో ఉందంటారు, చూస్తే ఎవరో ఒకరి ల్యాప్‌టాప్‌లో పాత ఎక్సెల్‌గా ఉంటుంది. మా ప్రాజెక్టులో అది నా ల్యాప్‌టాప్‌లోనే ఉండేది.