భూకంప రికార్డులతో పని చేసే ఉద్యోగాలు ఉన్నాయా?

ప్రశ్న: బీటెక్ సివిల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం మా గైడ్ గారు 1940 నాటి ఎల్ సెంట్రో (కాలిఫోర్నియా) భూకంప రికార్డులు ఇచ్చి, రొటేట్ చేసి, స్కేల్ చేసి ఈట్యాబ్స్ అనే భవన విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో వేయమన్నారు. చేశాను, ఎందుకు చేశానో తెలియదు. కానీ పని బాగా నచ్చింది. దీంతో ఉద్యోగం వస్తుందా? నాన్న సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లమంటున్నారు.

జవాబు: వస్తుంది, కానీ బీటెక్ అవగానే కాదు. మామూలు అపార్ట్‌మెంట్లకు రెస్పాన్స్ స్పెక్ట్రమ్ పద్ధతి, అంటే ఏ పీరియడ్ (ఒకసారి ఊగడానికి పట్టే సమయం) ఉన్న భవనం గరిష్ఠంగా ఎంత స్పందిస్తుందో చూపే గ్రాఫ్‌తో లెక్కించడం, సరిపోతుంది. మీరు చేసిన టైమ్ హిస్టరీ విశ్లేషణ, అంటే రికార్డులోని కదలికను క్షణక్షణం భవనానికి ఇచ్చి చూడడం, ఎక్కువగా అణు విద్యుత్ కేంద్రాలు, డ్యాములు, పెద్ద వంతెనలు, బాగా ఎత్తైన టవర్ల దగ్గర అవసరమవుతుంది. ఆ అవకాశాలు తక్కువ, అడిగేది ఎంటెక్.

ముందు ఆ "ఎందుకు" సంగతి చూద్దాం, ఇంటర్వ్యూలో అడిగేదీ అదే. ఎల్ సెంట్రోలో పరికరం ఉత్తర-దక్షిణం, తూర్పు-పడమర దిక్కుల్లో కదలికను నమోదు చేసింది. భూకంపానికి ఆ దిక్కులతో పనిలేదు, మీ భవనం కూడా అదే వరసలో ఉండదు. భ్రంశ రేఖ (భూమి పొరలు జారే పగులు) దగ్గరైతే దానికి లంబంగా ఒక పెద్ద వేగపు ఊపు రావచ్చు. అందుకే రెండు రికార్డులనూ కొసైన్, సైన్‌లతో కలిపి కావలసిన కోణంలోకి తిప్పుతారు.

స్కేలింగ్‌లో విద్యార్థులు తరచూ ఒకచోట తప్పు చేస్తారు. రెండు దిక్కుల రికార్డులను వేర్వేరు సంఖ్యలతో హెచ్చవేస్తారు. అప్పుడు వాటి మధ్య ఉన్న నిష్పత్తి పోతుంది, తిప్పినదానికి అర్థమే ఉండదు. జతకు ఒకే గుణకం వాడాలి. అది కూడా గరిష్ఠ త్వరణం చూసి కాదు, మీ భవనం పీరియడ్ చుట్టూ రికార్డుల స్పెక్ట్రమ్ డిజైన్‌కు లక్ష్యంగా పెట్టుకున్న స్పెక్ట్రమ్‌కు ఎంత దగ్గరగా ఉందో చూసి ఎంచాలి. ఒక్క ఎల్ సెంట్రోతో తేల్చేయడమూ సరికాదు. అమెరికా డిజైన్ కోడ్ ఏఎస్‌సీఈ 7-16 నాన్‌లీనియర్ టైమ్ హిస్టరీ విశ్లేషణకు కనీసం 11 జతలు అడుగుతుంది.

ఏ రికార్డులు తీసుకోవాలన్నది ఇంకా కష్టం. 2001 భుజ్ భూకంపంలో కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలి జనం చనిపోయారు. అంటే దూరం ఒక్కటే చూస్తే చాలదు. తీవ్రత, దూరం, నేల రకం మూడూ చూసి ఎంచుకునే ఇంజినీర్లు మనకు కావాలి. అందుకే మీ ఆసక్తిని వదులుకోవద్దంటున్నాను.

గేట్ రాయండి. ఐఐటీ రూర్కీలో భూకంప ఇంజినీరింగ్‌కు ప్రత్యేక విభాగమే ఉంది. దగ్గర్లో కావాలంటే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో భూకంప ఇంజినీరింగ్ పరిశోధన కేంద్రం ఉంది. ఫీజు, అర్హతలు వాళ్ల వెబ్‌సైట్లలోనే చూసుకోండి.

నాన్నగారి మాటనూ తీసేయకండి, ఈ రంగంలోనూ కోడింగ్ కావాలి. ఈ సెలవుల్లో ఈట్యాబ్స్ పక్కన పెట్టి, అదే జతను పైథాన్‌లో 0 నుంచి 180 డిగ్రీల దాకా తిప్పి, ప్రతి కోణానికీ 5 శాతం డ్యాంపింగ్‌తో (ఊపు తగ్గే గుణంతో) స్పెక్ట్రమ్ గీయండి. స్ట్రక్చరల్ డైనమిక్స్ రాకపోతే అక్కడే ఆగిపోతారు, ఆ పుస్తకం తెరవాల్సిందే. అది చదువుతుంటే ఇష్టం పెరిగితే ఎంటెక్‌కు వెళ్లండి. భారంగా అనిపిస్తే, నేర్చుకున్న పైథాన్‌తో నాన్నగారు చెప్పిన దారి ఎలాగూ ఉంటుంది.