మంచి నాయకుడు వస్తే చాలా?

ప్రశ్న: కాంగోలో రాగి, కోబాల్ట్, వజ్రాలు అన్నీ ఉన్నా జనం పేదవాళ్లే. ఒక్క మంచి నాయకుడు వస్తే ఆ దేశం బాగుపడదా?

జవాబు: బాగుపడొచ్చు, ఆయన ఉన్నన్నాళ్లు. ఆయన బుద్ధి మారితేనో, ఆయన పోయాకనో సంగతేంటన్నదే నా అనుమానం. కాంగోను మొబుటు 1965 నుంచి 1997 దాకా ఏలాడు. 1973లో విదేశీయుల తోటలు, దుకాణాలు, వ్యాపారాలు లాక్కుని తనవాళ్లకు పంచిపెట్టాడు, వాళ్లకు నడపడం రాక మూడేళ్లు తిరక్కుండానే పాత యజమానులను వెనక్కి పిలవాల్సి వచ్చింది. ఇదేంటని అడిగే కోర్టు లేదు, పార్లమెంటు లేదు (పేరుకు ఉండేవిలెండి). ఎప్పుడు ఎవరు లాక్కుంటారో తెలియని చోట సొంత డబ్బుతో ఫ్యాక్టరీ పెట్టేదెవరు? ఆయన మాత్రం తన పూర్వీకుల ఊరు గ్బడోలీటేలో, ధ్వని కంటే వేగంగా ఎగిరే కాంకార్డ్ విమానం దిగేంత రన్‌వే వేయించుకున్నాడు.

అదే ఆఫ్రికాలోని బోట్స్వానా సంగతి వేరు. 1966లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి అది ప్రపంచంలోని నిరుపేద దేశాల్లో ఒకటి. మరుసటి ఏడాదే ఒరాపాలో వజ్రాలు బయటపడ్డాయి, అదీ అధ్యక్షుడు సెరెట్సే ఖామా సొంత తెగ భూముల్లో. ఆయన తలచుకుంటే ఇవి మావాళ్లవే అనొచ్చు. కానీ భూమి ఏ తెగదైనా దాని కింది ఖనిజం దేశానిదేనని 1967లోనే చట్టం చేశారు, ఆ డబ్బు రోడ్లకీ బళ్లకీ వెళ్లింది. ఖామా మంచివాడే, ఒప్పుకుంటా. అయితే తెగ పెద్దను జనం ముఖం మీదే విమర్శించగలిగే క్గోట్లా సభలు అక్కడ ఆయనకంటే చాలా ముందునుంచీ ఉన్నాయి, 1980లో ఆయన చనిపోయాక కూడా పద్ధతి చెడలేదు. 2024లో, 58 ఏళ్లుగా ఏలుతున్న పార్టీ ఎన్నికల్లో ఓడిపోయి గొడవ లేకుండా కుర్చీ దిగింది. అలాగని స్వర్గమేం కాదు, నిరుద్యోగం, అసమానత ఇప్పటికీ చాలా ఎక్కువ, వజ్రాల గిరాకీ పడిపోతే దేశమంతా టెన్షనే.

ప్రశ్న: మరి దక్షిణ కొరియా నియంత కిందే కదా ఎదిగింది?

జవాబు: నిజమే, 1961లో సైన్యంతో వచ్చిన పార్క్ చుంగ్ హీ 1979లో హత్యకు గురయ్యేదాకా కుర్చీ వదల్లేదు. కానీ నియంత ఉండటమే కారణమైతే ఉత్తర కొరియా ఇంకా ముందుండాలి, పైగా 1945లో దేశం రెండైనప్పుడు భారీ పరిశ్రమలు, జలవిద్యుత్ ఎక్కువగా అటే ఉన్నాయి. దక్షిణాన పార్క్ రాకముందే భూస్వాముల పొలాలు కౌలు రైతుల చేతికొచ్చాయి, పిల్లలు బడికెళ్లారు. ఆయన కంపెనీలకు తక్కువ వడ్డీకి అప్పులిచ్చాడు, ఎగుమతులు చేసి చూపించిన వాళ్లకి. 1987లో జనం వీధుల్లోకి వచ్చి అధ్యక్షుణ్ని నేరుగా ఎన్నుకునే హక్కు సాధించుకున్నారు, ఈరోజు మనం చూస్తున్న కొరియా సంపదలో ఎక్కువ భాగం ఆ తర్వాతదే.